గుగ్గిలం దించే వేళ

ఋషీకేశ్
1989 జులై 2

మామయ్యకి అభయాంబాళ్ నమస్కరించి రాస్తున్నది.

ఆరు నెలలుగా ఉత్తరం ముక్క లేదని అత్త చేత తిట్లు రాయించేలోపే నేనే రాస్తున్నాను. పదకొండేళ్ళుగా ఈ ఆశ్రమంలో వచ్చినవాళ్ళ నడుములు వంచడం, నిలబెట్టడం తప్ప ఇంకో పని చెయ్యలేదు కదా, ఇప్పుడు స్వామీజీకి నా మీద ఉన్నట్టుండి నమ్మకం పుట్టింది. వచ్చే నెల నుంచి చక్రాల పాఠం నన్నే చెప్పమన్నారు. మొదటి వారమంతా మూలాధారం.

పుస్తకంలో ఉన్నది నాకు నోటికొచ్చు. వెన్నెముక అడుగున నాలుగు రేకుల ఎర్రతామర, లోపల పసుప్పచ్చటి చతురస్రం, అందులో ఏనుగు, "లం" అనే బీజాక్షరం, మూడున్నర చుట్లు చుట్టుకుని నిద్రపోతున్న కుండలిని. ఇదంతా బోర్డు మీద బొమ్మ వేసి చెప్పగలను. కానీ ఇక్కడికొచ్చేవాళ్ళకి బొమ్మతో పని లేదు. "పాముని ఎన్నో రోజు లేపుతారు?" అని చేరిన రోజే అడుగుతారు. భవానీబాబు అని, కలకత్తా నుంచి వచ్చిన రిటైర్డ్ పోస్టుమాస్టరు ఒకాయన మాత్రం వేరే ప్రశ్న వేశాడు. "మూలాధారం భూతత్త్వం, భూమి గుణం వాసన అంటారు కదమ్మా. ముక్కెక్కడ, వెన్నెముక అడుగెక్కడ? ఈ రెంటికీ ఏం పొత్తు?" అన్నాడు. రేపు చెప్తానని తప్పించుకున్నాను. ఆ రేపు పోయి పది రోజులైంది.

మీరు దేవుళ్ళని పీఠాల మీద నిలబెట్టే స్థపతి. మీ ఇంట్లో పెరిగినదాన్ని, నేను నీళ్ళు నమిలితే బావుండదు. పుస్తకం మాట వద్దు, మీ మాట రాయండి.

చిదంబరం వెళ్తున్న ఒక కుటుంబం చేత చిన్న పొట్లం పంపుతున్నాను. కొండ గుగ్గిలం, హరిద్వార్‌లో కొన్నది. నిప్పుల మీద వేసి చూసి ఎలా ఉందో చెప్పండి. మీ ముక్కు ఒప్పుకుంటేనే ఇక్కడ పూజకి కొనిపిస్తాను.

నెల్లిక్కుడి అమ్మవారికి మళ్ళీ బంధనం వెయ్యాలంటున్నారని అత్త రాసింది. నాలుగేళ్ళకేనా?

మీ అభయం


తిరువారూర్, వడక్కు వీధి
1989 జులై 21

అభయానికి ఆశీస్సులు.

చక్రాల పాఠం చెప్పేంత పెద్దదానివయ్యావన్నమాట. చిన్నప్పుడు రెండు నిమిషాలు ఒక చోట కూర్చోవే అంటే కింద చీమలున్నాయని లేచిపోయేదానివి.

మీ పోస్టుమాస్టరుకి ఇలా చెప్పు. గుడి కట్టేవాడు ముందు నేల తవ్వి, గుప్పెడు మట్టి తీసి వాసన చూస్తాడు. రంగు తర్వాత, రుచి తర్వాత. వాసన సరిగా లేని చోట మేము దేవుణ్ణి కూర్చోబెట్టం. ఆ మట్టిలో ఆధారశిల, దాని మీద రాతి తాబేలు, దాని మీద తామర, ఆ పైన పీఠం, పీఠం మీద అమ్మవారు. గుడిని ఒక ఒళ్ళనుకుంటే అడుగున కంటికి కనపడకుండా ఉన్నదంతా మూలాధారమే. పీఠానికీ అమ్మవారి పాదాలకీ మధ్య వేలెడు సందు ఉంటుంది. లక్క, గుగ్గిలం, మైనం, కావిరాయి, సున్నపురాయి పొడి, ఇలా ఎనిమిది సరుకులు గేదె వెన్నతో దంచి ఆ సందులో కూరతాం. అష్టబంధనం అంటే అదే. అది పట్టు వదిలితే పైన ఎంత బంగారు కిరీటం పెట్టినా అమ్మవారు ఊగుతుంది. మీవాళ్ళందరూ పైకి లేపడం గురించే అడుగుతున్నారంటే వాళ్ళకి ఇంకా కూర్చోవడం రాలేదు. ముందు కూర్చోమను. లోపలి భయం అణిగేదాకా కూర్చోమను. భూమికంతటికీ మూలాధారం మా ఊరు అని కూడా చెప్పు. శివుడు త్యాగరాజస్వామిగా ఉన్న సన్నిధిలో పుట్టినవాళ్ళం, ఆ మాత్రం గొప్ప చెప్పుకోవచ్చు.

నెల్లిక్కుడి సంగతి నిజమే. పన్నెండేళ్ళు ఉండాల్సిన బంధనం నాలుగేళ్ళకే వదిలింది. అభిషేకం చేస్తూ పూజారి గురుక్కళ్ అమ్మవారి భుజం మీద చెయ్యి ఆనిస్తే కదిలిందట. చొక్కలింగం ఇచ్చిన సున్నపురాయి పొడిలో తేడా అని తేల్చారు. ధర్మకర్తలు వాడి దగ్గర తీసుకోవడం మానేశారు. మాసి నెలలో, అంటే మార్చి మొదట్లో, కుంభాభిషేకం. మళ్ళీ నేనే వేస్తాను. ఈసారి కదిలితే నన్నడుగు.

అమ్మాయి మంగైకి నెలలు నిండాయని అత్త కుంభకోణం వెళ్ళింది. నేనే వండుకుంటున్నాను. ఏం తిన్నా ఒకటే.

నీ పొట్లం అందింది. కొత్త రకంలా ఉంది, వేలికి జిగురుగా తగిలింది. శుక్రవారం పూజలో నిప్పుల మీద ఇంత వేశాను. ఏం పరిమళం! ఎదురింటి కోమళం పరుగెత్తుకొచ్చి "ఏం అన్నయ్యా, పూజగదిలో రసం పెడుతున్నారా?" అని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నవ్వింది. దాని వేళాకోళం నీకు తెలిసిందే. నువ్వు ధైర్యంగా కొనిపించు.

కుంచితపాదం


ఋషీకేశ్
1989 ఆగస్టు 3

మామయ్యకి,

ముందు నవ్వొచ్చే కబురు. పోయిన నెల మా వంటాయన బిష్ట్ పప్పు తాలింపులో ఇంగువకి బదులు గుగ్గిలం వేశాడు. అరవై మంది తిన్నారు. స్వామీజీ రెండు ముద్దలు తిని, "ఇవాళ పప్పులో గుడి ఉంది" అని విస్తరి ముందు నుంచి లేచిపోయారు. బిష్ట్ నా మీదికి యుద్ధానికొచ్చాడు. తప్పు నాదే. హరిద్వార్‌లో రెండూ ఒకే రంగు కాగితంలో కట్టించాను. గుగ్గిలం వంటింటికి పోయింది, ఇంగువ మీకు వచ్చింది.

మీ దగ్గర్నుంచి ఇంత పొడుగు తిట్లు వస్తాయని ఎదురుచూస్తున్నాను. వచ్చింది చదివి మెట్ల మీద కూలబడ్డాను.

అది కాబూలీ ఇంగువ మామయ్యా. పొట్లం విప్పకముందే వీధి చివరికి తెలుస్తుంది. దాన్ని మీరు నిప్పుల మీద వేసి, పక్కనే కూర్చుని, పరిమళం అన్నారు. కోమళం పిన్ని వేళాకోళం ఆడలేదు. నిజంగానే అడిగింది.

నా కళ్ళకి తువ్వాలు కట్టి ఎనిమిది సరుకులూ ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టేవారు గుర్తుందా? ఒక్కటి తప్పు చెప్పినా ఆ పూట అన్నం లేదనేవారు. అత్త దొడ్డివైపు పిలిచి పెట్టేది. నాకు ముక్కు నేర్పింది మీరు.

మీకు వాసన ఎప్పట్నుంచి తెలియడం లేదు?

అభయం


కార్డు
తిరువారూర్, 1989 ఆగస్టు 14

అభయానికి. ఆ రోజు నాకు జలుబు. అరవై మూడేళ్ళవాడికి జలుబు చెయ్యకూడదా? ఇంగువని ఇంగువ అని రాస్తే నువ్వు నొచ్చుకుంటావని బాగుందన్నాను. నీ పాఠం నువ్వు చెప్పుకో. నా ముక్కు నేను చూసుకుంటాను. మంగైకి మగపిల్లాడు. కుం.


ఋషీకేశ్
1989 ఆగస్టు 27

మామయ్యకి,

మంగై పిల్లాడికి నా ముద్దులు.

ఎప్పుడూ కవర్లో రాసేవారు మొదటిసారి కార్డు రాశారు. కార్డు పోస్టుమేన్ చదువుతాడని మీకు తెలుసు. జలుబని ఊరికి తెలియాలని రాశారు.

నాలుగేళ్ళ క్రితం మీకు టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలు మంచం మీద ఉన్నారని అత్త రాసిన ఉత్తరం నా దగ్గర ఉంది. నెల్లిక్కుడి బంధనం ఆ తర్వాతే వేశారు. చట్టిలో గుగ్గిలం కరిగి, ఘాటు పోయి వాసన తిరిగే క్షణంలో దించాలి, రెండు ఊపిరులు ఆలస్యమైతే మాడినట్టే అని మీరే చెప్పేవారు. మాడింది కూడా చూడటానికి అలాగే ఉంటుంది, దంచితే ముద్దవుతుంది, ఏళ్ళు గడిచాక పొడి పొడిగా రాలుతుంది అనేవారు. ఆ రోజు చట్టి దించింది ఎవరు?

చొక్కలింగం చిన్నాన్న సున్నపురాయి పొడిని మూడు గుడ్డల్లో జల్లిస్తాడు. చిన్నప్పుడు ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. ఆయన పొడిలో తేడా అంటే నేను నమ్మను. మీరూ నమ్మరు.

మీరు నిజం రాసేదాకా వారానికో ఉత్తరం రాస్తాను. అన్నీ కార్డులే.

అభయం


తిరువారూర్, వడక్కు వీధి
1989 అక్టోబరు 9

అభయా,

ఆరు కార్డులొచ్చాయి. నిన్న పోస్టుమేన్ సైకిల్ దిగి, "సార్, ముక్కు ఎలా ఉంది?" అని అడిగాడు. నువ్వు గెలిచావు. ఇక కార్డులు ఆపు.

టైఫాయిడ్ తగ్గి లేచిన రోజు అత్త కాఫీగింజలు వేయిస్తోంది. వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. పొగ కనపడుతోంది, వాసన లేదు. ఒంట్లో నీరసమనుకున్నాను. వారంలో వస్తుందనుకున్నాను. నెల్లిక్కుడి పని ముందే ఒప్పుకున్నది. ఊరంతా ముహూర్తం పెట్టుకుని కూర్చుంది. ఎవరికి చెప్పను? స్థపతికి ముక్కు పోయిందంటే చేతులు పోయినట్టే. చట్టి దగ్గర కూర్చుని, రంగు చూసి, అంచనా మీద దించమన్నాను. చెప్పిన మరుక్షణం తప్పు చెప్పానని నాకు తెలుసు. అయినా దంచించాను. అమ్మవారి పాదాల కింద నా చేత్తో కూరాను.

అది కదిలిందని తెలిశాక ధర్మకర్త అడిగాడు, "సున్నపురాయిలో ఏమైనా తేడా ఉందంటావా?" అని. నేను "ఉండొచ్చు" అన్నాను. అంతే, ఇంకో మాట అనలేదు. ఆ ఒక్క మాటతో చుట్టుపక్కల గుళ్ళన్నీ చొక్కలింగం దగ్గర తీసుకోవడం మానేశాయి. వాడూ నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. ఇప్పుడు వాడు ఎదురొస్తే నేను పక్క సందులోకి తిరుగుతున్నాను. వాడు ఇంతవరకు నన్ను ఏమీ అడగలేదు. అదే భరించలేకుండా ఉన్నాను.

నేను ఊరికే లేను. ఈ వేసవి నుంచి దొడ్లో చిన్న చట్టి పెట్టి ప్రయత్నిస్తున్నాను. ముక్కుతో కాకపోతే లెక్కతో పట్టుకుందామని. "లం, లం" అని జపిస్తూ ఊపిరులు లెక్కపెట్టి దించుతాను. ఉండ చేసి నెలరోజులు ఎండబెట్టి సుత్తితో కొడతాను. నలభై ఒక్క ఉండలు చేశాను. ఇరవై మూడు పొడైపోయాయి. నిప్పు ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు, గుగ్గిలమూ అంతే. నా కుర్రాళ్ళకి ఈ వాసన నేర్పలేదు. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

అయినా నేనే వేస్తాను. నేను ఊగేలా చేసిన అమ్మవారిని నేనే స్థిరంగా కూర్చోబెట్టాలి. ఇంకొకరికి అప్పజెప్పి తప్పుకోను. ఎలాగన్నది మాత్రం తెలీడం లేదు.

భయం అణిగేదాకా కూర్చోమను అని నీకు రాశాను. నాలుగేళ్ళుగా నాది అణగలేదు.

కుంచితపాదం


ఋషీకేశ్
1989 అక్టోబరు 24

మామయ్యకి,

ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ మీద కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, తర్వాత మళ్ళీ కోపమొచ్చింది. ఆ నలభై ఒక్క ఉండల మాట చదివాకే కోపం తగ్గింది.

మాసి నెలకి వస్తున్నాను. స్వామీజీకి చెప్పేశాను. చట్టి దగ్గర నేను కూర్చుంటాను.

కానీ స్తంభం చాటున కూర్చోబెట్టి, నేను సైగ చేస్తే మీరు దించమనే పద్ధతి నాకొద్దు. అందరికీ కనపడేలా చట్టి ముందు కూర్చుంటాను. "దించండి" అని నా నోటితో చెప్తాను. పదకొండేళ్ళ క్రితం మీరు ఒక గుడిలో బంధనం వేస్తుంటే అలాగే చెప్పాను. "ఆడపిల్లకి ఇక్కడేం పని, లే" అని మురుగయ్యన్ స్థపతి అరిచాడు. మీవైపు చూశాను. మీరు నేలవైపు చూశారు. నేను చెప్పిన క్షణం సరైనదని ఆ గుంపులో మీ ఒక్కరికే తెలుసు, అయినా నేలవైపు చూశారు. మర్నాడు నేను రైలెక్కాను. యోగం నేర్చుకుంటానని అందరికీ చెప్పాను. నిజానికి అలిగి వచ్చాను.

మూలాధారం పాఠం ముగిసింది. మీ మట్టి వాసన మాట చెప్తే భవానీబాబు చాలాసేపు తలూపాడు. "మరి మీ ఊరికి ఎప్పుడు వెళ్ళొచ్చారమ్మా?" అని అడిగాడు. భూమికంతటికీ మూలాధారం మా ఊరని అరగంట గొప్ప చెప్పినదాన్ని, పదకొండేళ్ళుగా దాని గడప తొక్కలేదని ఆయనకెలా చెప్పను? అందర్నీ కూర్చోమంటున్నాను కానీ నేను లేచి వచ్చేసినదాన్నే.

నేను రాకముందే మీరు చొక్కలింగం చిన్నాన్న ఇంటికి వెళ్ళాలి. సున్నపురాయి పొడి ఆయన ఇచ్చిందే అయితే నేను చట్టి దగ్గర కూర్చుంటాను. లేకపోతే దారిఖర్చు దండగ.

అభయం


తిరువారూర్, వడక్కు వీధి
1989 డిసెంబరు 2

అభయా,

వెళ్ళాను. మూడుసార్లు వాడి వీధి మలుపుదాకా వెళ్ళి వెనక్కొచ్చాను. నాలుగోసారి వాడే అరుగు మీద నుంచి కేకేశాడు. "ఏరా కుంచితపాదం, నా వీధిలో ఏదైనా పారేసుకున్నావా? రోజూ వచ్చి వెతుక్కుంటున్నావు!"

వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. అంతా చెప్పాను. వాడు చేతిలో జల్లెడ ఆపలేదు. నేను చెప్పడం అయ్యాక లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చి నా ముందు పెట్టాడు.

"వాసన చూడు" అన్నాడు.

"తెలీదురా."

"పులిసిపోయింది. గుళ్ళవాళ్ళు నా పొడి మానేసినప్పట్నుంచి నా నోరూ ఇలాగే ఉంది. తాగు."

తాగాను. ఇంకో గ్లాసు పోశాడు. అదీ తాగాను. అప్పుడు గట్టిగా తిట్టడం మొదలుపెట్టాడు. వాళ్ళావిడ వచ్చి ఆపేదాకా తిట్టాడు. నాకు ఎంత హాయిగా ఉందో నీకు రాయలేను. చివర్న, "నా పొడి నేనే మోసుకొస్తాను, నేనే పక్కన నిలబడతాను. ఈసారి ఊగిందా, ఆ సున్నం నీ ముక్కుల్లో కూరతాను, ఎలాగూ దాంతో పని లేదు కదా" అన్నాడు.

మర్నాడు ఇద్దరం నెల్లిక్కుడి వెళ్ళాం. ధర్మకర్తల ముందు నిలబడి, తప్పు సున్నపురాయిది కాదు, నాది అన్నాను. నా ముక్కు పోయిందన్నాను. ఒకాయన నా చేతిలోంచి పని తీసేద్దామన్నాడు. నా మేనకోడలు వస్తుంది, చట్టి దగ్గర ఆవిడ కూర్చుంటుంది, బంధనం నిలబడకపోతే ఇంకెప్పుడూ ఉలి పట్టను అన్నాను. చాలాసేపు గుసగుసలాడుకున్నారు. చివరికి పెద్దాయన, "నిజం చెప్పినవాడివి, పనీ నువ్వే చెయ్యి" అన్నాడు. కానీ పైన చూసుకోవడానికి మురుగయ్యన్‌ని పెట్టారు. వాడు మీసం దువ్వుకున్నాడు.

అత్త నీ గది కడిగించింది. రా.

మామయ్య


తిరువారూర్, వడక్కు వీధి
1990 ఏప్రిల్ 18

అభయా,

కుంభాభిషేకమయ్యాక చేసే నలభై ఎనిమిది రోజుల మండలాభిషేకం నిన్నటితో ముగిసింది. చివరిరోజు అభిషేకమయ్యాక గురుక్కళ్ అందరి ముందూ రెండు చేతులూ అమ్మవారి భుజాల మీద ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి తోశాడు. ఆయన పాదాలు జారాయి కానీ అమ్మవారు కదల్లేదు. "కొండ!" అని కేకేశాడు. చొక్కలింగం నా వీపు మీద ఒక్కటి వేశాడు. ఇంకా మండుతోంది. మూడు గుళ్ళవాళ్ళు వాడి దగ్గర మళ్ళీ పొడి తీసుకుంటున్నారు.

నువ్వు రైలెక్కే తొందరలో ఉన్నావు, రెండు సంగతులు చెప్పలేకపోయాను.

చట్టి ముందు నువ్వు కళ్ళు మూసుకుని, పొగలోకి ముఖం పెట్టి కూర్చున్నావు. వెనక చొక్కలింగం పక్కున నవ్వితే, కళ్ళు తెరవకుండానే "ష్!" అని కసిరావు. వాడు ఎందుకు నవ్వాడో నీకు తెలీదు. మురుగయ్యన్ నా చెవి దగ్గరికొచ్చి, "మర్యాదగా ఆవిణ్ణి లేపు, దించమని నేను చెప్తాను" అన్నాడు. ఈసారి నేను నేలవైపు చూడలేదు. వాడి ముఖంలోకి చూశాను. "అక్కడ కూర్చున్నది నా ముక్కు. దాన్ని లేపితే నేనూ లేచిపోతాను. అమ్మవారిని నీ మీసంతో అతికించుకో" అన్నాను. చొక్కలింగం నవ్వింది అందుకే.

పదకొండేళ్ళు ఆలస్యంగా అన్న మాట. నువ్వు వినకపోయావనే నా బాధ. అందుకే రాస్తున్నాను.

రెండోది. నువ్వు "దించండి" అన్నప్పుడు నేను మనసులో లెక్కపెడుతూనే ఉన్నాను. నా లెక్కకి ఇంకా పదకొండు ఊపిరులున్నాయి. నేనే కూర్చుని ఉంటే మళ్ళీ మాడ్చేవాణ్ణి.

వలంగైమాన్ వైపు నుంచి ఒక గుడివాళ్ళు వచ్చారు, ఆవణి నెలలో, ఆగస్టు చివర, బంధనం వెయ్యాలట. "నా ముక్కు ఋషీకేశ్‌లో ఉంది, అది వస్తానంటేనే" అని చెప్పి పంపాను. నువ్వు ఏం రాస్తే అదే వాళ్ళకి చెప్తాను. బలవంతం లేదు.

మిగిలిన ముద్దలోంచి ఇంత ఉండ ఈ ఉత్తరంతో పాటు పెట్టాను. నిన్న రాత్రంతా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఏమీ లేదు. ఇక రాదని నాకు అర్థమైంది, నువ్వేమీ బాధపడకు. ఒక్కటే అడుగుతున్నాను. ఆ క్షణం తిరిగిన వాసన ఎలా ఉంది? నేను మరిచిపోతున్నాను. రాయి.

మామయ్య


ఋషీకేశ్
1990 మే 1

మామయ్యకి,

ఉండ అందింది. బోర్డు మీది పసుప్పచ్చ చతురస్రం కింద పెట్టాను. పాఠం మొదలుపెట్టే ముందు అందరి చేతికీ ఇస్తున్నాను. పాము మాట అడిగేవాళ్ళు తగ్గారు.

మీరు మురుగయ్యన్‌ని అన్న మాట చదివి, స్వామీజీ చూస్తుండగానే ఏడ్చాను. ఆలస్యమైనా నాకు చేరింది. అలక తీరింది.

ఆవణికి వస్తున్నానని వలంగైమాన్ వాళ్ళకి చెప్పండి. మీ కుర్రాళ్ళ కళ్ళకి తువ్వాళ్ళు కట్టి ఉంచండి, వాళ్ళకీ నేర్పాలి. వాళ్ళలో ఎవరికైనా అక్కాచెల్లెళ్ళుంటే వాళ్ళనీ రమ్మనండి.

వాసన గురించి అడిగారు. మొదట మైనం లాంటిది వచ్చింది, తర్వాత పచ్చికట్టె కాలినట్టు ఘాటుగా వచ్చింది. చాలాసేపు అదే ఉంది. చుట్టూ అందరూ ఊపిరి బిగబట్టి ఉన్నారు. పదకొండేళ్ళలో మరిచిపోయానేమోనని భయం వేసింది. అప్పుడు తిరిగింది. అదేమిటో నాకు వెంటనే తెలిసింది కానీ అంతమందిలో చెప్పలేకపోయాను.

అమ్మ పోయిన ఏడు మీరు ఏ గుడి పని నుంచో ఇంటికొచ్చి, చేతులైనా కడుక్కోకుండా నన్ను ఎత్తుకునేవారు. నేను ఏడుపు ఆపి మీ భుజం మీద ముఖం పెట్టుకునేదాన్ని. మీ చొక్కా వాసన అది మామయ్యా. అది రాగానే దించమన్నాను.

మీ అభయం